పార్ట్-2 గారికి ఒక ప్రేక్షకుడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పార్ట్-2 గారికి,

నమస్కారాలు. మీ క్షేమం అడగక్కర్లేదు. కథ పుట్టకముందే టైటిల్ పక్కన మీకు కుర్చీ వేసేస్తున్నారు.

మూడు గంటలు కూర్చున్నాక హీరో మెల్లగా వెనక్కి తిరుగుతాడు. కళ్లు ఎర్రబడతాయి, చెవులు పగిలేలా మ్యూజిక్ మోగుతుంది, తెర మీద మీ పేరు పడుతుంది. పూర్తి టికెట్‌కి సగం సినిమా చూశామని అప్పుడు తెలుస్తుంది. బిర్యానీలో అన్నం ఇప్పుడు పెట్టి, ముక్కలు వచ్చే ఏడాది వడ్డిస్తామన్నట్టు!

మీరంటే మొదట్నుంచీ కోపం లేదండీ. 2015లో కట్టప్ప కత్తి దింపితే, ఎందుకో తెలుసుకోవడానికి 2017 దాకా ఆగినవాళ్లమే. అక్కడ కథ అంతుంది. ఇప్పుడో? పేరు జనానికి ముందే తెలుసు కాబట్టి ఓటీటీకి, డిస్ట్రిబ్యూటర్లకి అమ్మడం తేలిక. మీకు అంతకుమించి అర్హత అడిగేవాళ్లు లేరు. ఇక కొత్త రచయిత కథ చెప్పడానికి వెళ్తే ఎలా ఉంటుందో ఊహించండి.

"ఆఖర్లో హీరో చచ్చిపోతాడు సార్."

"శవం దొరకలేదని పెట్టు. పార్ట్-2కి స్కోప్ ఉంటుంది."

హాలీవుడ్‌లోనూ మీదే రాజ్యం. ఓటీటీ సిరీస్‌గా మొదలైన 'మోఆనా 2'ని డిస్నీ మధ్యలో సినిమాగా మార్చి 2024లో థియేటర్లకు పంపింది. అదే ఏడాది 'ఇన్‌సైడ్ అవుట్ 2' 160 కోట్ల డాలర్లు దాటింది. సినిమా బాగానే ఉంది, కాదనను. కానీ 2025 మార్చిలో యానిమేషన్ ఆస్కార్ దాన్ని దాటి 'ఫ్లో' చేతికెళ్లింది. అందులో ఒక పిల్లి, వరద, నోరులేని ఇంకొన్ని జంతువులు. ఒక్క డైలాగ్ లేదు. ఖర్చు సుమారు 35 లక్షల యూరోలు. తీసింది లాత్వియా కుర్రాడు గింట్స్ జిల్బలోడిస్, ఎవరైనా ఉచితంగా దించుకోగల బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో. అంతకుముందు 'అవే' అనే సినిమా మొత్తం ఒక్కడే చేసుకున్నాడు. పక్కన స్కోప్ అడిగేవాడు లేడు మరి.

మన దగ్గరా ఉన్నారు లెండి. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో చాలామంది ఆ ఊరివాళ్లే. కెమెరా ముందుకు రావడం అదే మొదటిసారి. నిర్మాత అమెరికాలో డాక్టరు, ఒక పాత్ర కూడా ఆవిడే వేశారు. రిలీజుకి పెద్ద బ్యానర్ చెయ్యి పడిన మాట నిజమే. కానీ కథ అప్పటికే వాళ్లిష్టప్రకారం పూర్తయింది. ఆ క్లైమాక్స్ తర్వాత మీరు నిలబడటానికి జానెడు చోటు కూడా మిగల్చలేదు.

అందుకే మనవి: మీకు మార్కెట్ ఎలాగూ ఉంది, ఉంచుకోండి. సంక్రాంతి, దసరా కూడా మీవే. చిన్న సినిమాకి మాత్రం సోమవారం దాకా ఫస్ట్ షో వదలండి. చూసినవాళ్లు నలుగురికి చెప్పడానికైనా టైం కావాలి కదా.

ఇట్లు,
పార్ట్-1కి డబ్బులిచ్చినవాడు

తా.క.: జవాబు రాయకండి. రాస్తే ఈ ఉత్తరానికీ రెండో భాగం మొదలవుతుంది.