ఆగిపోయిన పడవ తరఫున వకాల్తా

వినోదాల పార్కుల్లో పడవలు నడవడం లేదని జనం గోల పెడుతున్నారు. టికెట్టు కొని, గంటసేపు వరసలో నిలబడి, తీరా ఎక్కాక పడవ సొరంగం మధ్యలో ఆగిందని, అడుగున నీళ్ళు చేరాయని, పెడల్ ఊడి చేతికొచ్చిందని కనిపించిన ప్రతివాడి దగ్గరా వాపోతున్నారు. యాజమాన్యాల తరఫున మాట్లాడే నాథుడు మాత్రం లేడు. హత్య కేసులో ముద్దాయికైనా సర్కారు ఒక వకీలును ఇస్తుంది. ఆ పాటి భాగ్యం ఒక పాత ఫైబర్ పడవకు ఎందుకు ఉండకూడదన్న ఆవేదనతో ఈ వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఫీజు తీసుకోలేదు. ఒక రోజంతా ప్రవేశం ఉచితమన్నారు గానీ, పడవ విహారం కూడా అందులో కలిసే ఉందని తెలిసి సవినయంగా వద్దన్నాను.

ముందుగా పడవలోకి నీళ్ళు వస్తున్నాయన్న అభియోగం సంగతి చూద్దాం. పడవ ఎక్కేవారి కాళ్ళు కడగడం మనకు త్రేతాయుగం నుంచీ వస్తున్న మర్యాద. గుహుడు పాపం నీళ్ళు తెచ్చి, రాముడి పాదాలు కడిగి గానీ ఓడ ఎక్కనివ్వలేదని కథ చెప్పుకుంటాం. మనుషులకు ఆ శ్రమ లేకుండా ఇప్పుడు పడవే ఆ బాధ్యత నెత్తిన వేసుకుంది. కాలు పెట్టగానే చీలమండల దాకా చల్లగా తగులుతుంది. ఫైబర్ పడవకు పైన నున్నటి పూత ఉన్నంత కాలమే నీరు బయట ఉంటుంది. పూత బీటలు వారితే నీరు లోపలి పొరల్లోకి ఇంకుతుంది, పడవ ఏటేటా బరువెక్కుతుంది, ఏటేటా ఇంకొంచెం కిందికి దిగుతుంది. చివరికి కాలువ అడుగును రాసుకుంటూ కదులుతుంది. తెలియనివారు దీన్ని లోపమంటారు. నేల విడిచి సాము చేయని వినయమని నేనంటాను.

నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయన్నది ఇంకొక నింద. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో 1955లో పార్కు తెరిచిన రోజు నుంచీ జంగిల్ క్రూజ్ అనే పడవ విహారం ఉంది. ఆ పడవలు నిజానికి నీటి అడుగున ఉన్న పట్టాను పట్టుకుని నడుస్తాయి. పట్టా కనిపిస్తే అడవిలో నది అన్న భ్రమ చెదిరిపోతుందని అక్కడి నీళ్ళలో పనిగట్టుకుని రంగు కలుపుతారు. అంత డబ్బున్న సంస్థ ఖర్చు పెట్టి తెచ్చుకునే చిక్కదనం మన పార్కుల్లో పైసా ఖర్చు లేకుండా వస్తోంది. వడపోత యంత్రాన్ని మూలన పడేసి, ఎండలు ముదిరే దాకా ఓపిక పడితే చాలు. పైగా మన నీళ్ళలో పట్టా ఒక్కటే కాదు, చిప్స్ పొట్లాలు, ఎవరిదో ఒంటి చెప్పు, నిరుడు ఊడిపడిన మొసలి కింది దవడ కూడా కనిపించవు.

ఆ మొసలి గురించి రెండు మాటలు చెప్పాలి. ఒకప్పుడు అది పడవ దగ్గరికి రాగానే నోరు తెరిచి మూసేది. ఇప్పుడు పైదవడ ఒక్కటే మిగిలింది. అది కూడా సగం లేచి ఆగిపోయి, తుప్పు పట్టిన కమ్మీ ఒకటి, ఎర్ర తీగలు రెండు బయట పెట్టుకుని దంతవైద్యుడి కోసం ఎదురుచూస్తోంది. పక్కనే ఏనుగు. తొండంతో మన మీద నీళ్ళు చిమ్మాలి. నీళ్ళు రావు గానీ కడుపులో మోటారు గుర్రుమంటూనే ఉంటుంది. ఎడమ చెవి ఊగుతుంది, కుడి చెవి ఊగదు. ఫిర్యాదు వినీ విననట్టు కూర్చున్న అధికారిలా ఉంటుంది ఆ ఏనుగు. గొరిల్లాకు మాత్రం నిగనిగలాడే కొత్త నల్ల రంగు వేశారు. గోళ్ళు, పళ్ళు, కనుగుడ్లతో సహా.

విమర్శకులకు అర్థంకాని ఆర్థిక సూత్రం ఇక్కడే ఉంది. రంగు కనిపిస్తుంది, గ్రీజు కనిపించదు. కొత్త పడవను నీటిలోకి దింపితే కొబ్బరికాయ, రిబ్బను, మర్నాడు పత్రికలో ఫొటో. పాత పడవకు బేరింగు మారిస్తే ఏముంది? బేరింగు మార్పిడి మహోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చి శాలువా కప్పించుకున్న నాయకుడు చరిత్రలో ఉన్నాడా? పైగా సవ్యంగా నడిచిన పంపు మీద అందరికీ అనుమానమే. ఏడాదంతా ఒక్కసారీ ఆగలేదంటే, మరి దాని నిర్వహణకు అంత డబ్బు ఎందుకు పోశామని లెక్కల సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతారు. కోత పెడతారు. మరుసటి ఏడు ఆగుతుంది. అప్పుడు కొత్తది కొంటారు. మళ్ళీ రిబ్బను. 2018 జనవరిలో ఈ పార్కుల టికెట్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి తగ్గించారు. ఆ తేడాలో బేరింగుల వాటా ఎంత అని అడిగే దుర్మార్గుడిని నేను కాను.

చెరువు గట్టున ఉండే చిన్న పార్కులకూ ఇదే సూత్రం. పెడల్ తొక్కే హంస పడవ మెడకు పండగ పండగకూ తెల్ల రంగు పడుతుంది. కింద గొలుసు సంగతి దైవాధీనం. చుక్కాని ఒక పక్కకే పట్టేసి ఉంటుంది కనుక ఎంత తొక్కినా హంస ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది. ప్రదక్షిణం చేసిన పుణ్యం అదనం, దానికి టికెట్టు లేదు.

ఇలాంటివన్నీ మన దగ్గరే అని తల బాదుకునేవారు కొందరుంటారు. అమెరికాలో ఉన్న పిల్లలు డిస్నీకి తీసుకెళ్ళి తిప్పి చూపిస్తే, తిరిగొచ్చాక ఆరు నెలల పాటు కాలనీ అంతటికీ అదే పురాణం వినిపిస్తారు. వారికి చిన్న మనవి. 2020 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో ఒక జంగిల్ క్రూజ్ పడవలోకి జనం కూర్చుని ఉండగానే నీళ్ళు నిండాయి. అందరూ క్షేమంగా గట్టెక్కారనుకోండి. కాలిఫోర్నియా పార్కులో స్మాల్ వరల్డ్ అని మరో విహారం ఉంది. 1964 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం కట్టి, 1966లో అక్కడికి మార్చారు. బొమ్మలన్నీ కలిసి ఒకే పాట పాడుతూ ఉంటాయి. 2009లో అది చెడిపోయినప్పుడు చక్రాల కుర్చీలో తిరిగే ఒక సందర్శకుడు అరగంట పాటు లోపలే ఉండిపోయాడు. విహారం ఆగింది గానీ పాట ఆగలేదు. ఆయన కోర్టుకెళితే 2013లో 8,000 డాలర్లు ఇప్పించారు. మన యాజమాన్యాల ముందుచూపు ఏపాటిదో ఇలాంటప్పుడే తెలుస్తుంది. మన సొరంగాల్లో పడవ కంటే ముందే స్పీకరు మూగబోయింది. పాట వల్ల కలిగిన క్షోభకు పరిహారం అడిగే వీలే లేదు.

అదే విహారాన్ని 2008లో మరమ్మతుల కోసం మూసినప్పుడు, జనం లావెక్కడం వల్లే పడవలు కాలువ అడుగుకు తగులుతున్నాయని పత్రికలు రాశాయి. కారణం అది కాదని కంపెనీ చెప్పింది. ఎంత అమాయకత్వం! వెతక్కుండానే చేతికి చిక్కిన సాకును ఎవరైనా జారవిడుచుకుంటారా?

మన దగ్గర జారవిడుచుకోరు. మొన్న వేసవిలో ఒక పార్కులో, దాని పేరు అడగకండి, కక్షిదారు పేరు బయటపెట్టడం వృత్తిధర్మం కాదు, పడవను పట్టీ మీద పైకి లాగి అవతలికి జారవిడిచే విహారం ఎక్కాం. పైకి లాగడం బాగానే మొదలైంది. కొస దాకా వెళ్ళి, ముక్కు ఆకాశానికి ఎత్తి పడవ నిలిచిపోయింది. ముందు వరసలో కొత్త దంపతులు, వెనక ఒక పెద్దావిడ, ఆమె మనవడు, వారి వెనక నేను. గట్టు మీద నుంచి ఒక కుర్రాడు పొడవాటి వెదురు గెడ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది బాబూ?" అని అడిగింది పెద్దావిడ.

"ఏం లేదమ్మా, బరువెక్కువైంది. ఎవరూ కదలకండి."

ఉన్నది అయిదుగురం. పడవ పక్కన ఎనిమిది మందికి అని అందమైన అక్షరాలతో రాసి ఉంది. ఆ రంగు కూడా కొత్తదే.

"నిజం చెప్పు తమ్ముడూ" అన్నాడు పెళ్ళికొడుకు.

కుర్రాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కింద పంపు వేడెక్కిందండీ. పొద్దుటి నుంచి రెండుసార్లు ఆగింది. కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ వేస్తే అదే నడుస్తుంది. మెకానిక్ గురువారం వస్తాడు."

ఆ రోజు ఆదివారం. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. సంస్థ అతనికి ఇచ్చిన పనిముట్లు ఆ గెడ, మెడలో ఒక ఈల. రెండూ పనిచేస్తున్నాయి.

రెండుసార్లు ఆగింది, మళ్ళీ వేస్తే నడుస్తుంది. ఈ మాట దగ్గర వకీలు కోటు కాసేపు విప్పాలి. ఆస్ట్రేలియాలో గోల్డ్ కోస్ట్ దగ్గర డ్రీమ్‌వరల్డ్ అనే పార్కులో 2016 అక్టోబరు 25న సరిగ్గా అలాగే పొద్దుటి నుంచి రెండుసార్లు తెప్పల విహారంలోని నీటి పంపు ఒకటి ఆగింది. రెండుసార్లూ మళ్ళీ వేశారు. మూడోసారి ఆగినప్పుడు కాలువలో నీటి మట్టం పడిపోయి, ఒక ఖాళీ తెప్ప కడ్డీల మీద చిక్కుకుంది. వెనక పట్టీ మీద వస్తున్న తెప్ప దాన్ని గుద్దుకుంది. నలుగురు చనిపోయారు. మూడు దశాబ్దాల నాటి ఆ విహారంలో నీళ్ళు తగ్గగానే అంతటినీ ఆపేసే పరికరం లేదు. దాని ధర కొన్ని వేల డాలర్లకు మించదని విచారణలో తేలింది. నీటి మట్టాన్ని పనివాళ్ళు గోడ మీద మురికి గీతను చూసి అంచనా వేసేవారు. 2020లో కోర్టు ఆ కంపెనీకి 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. మనకు అంత దూరం పోనక్కరలేదు. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో బడిపిల్లల విహారయాత్ర పడవ బోల్తా పడింది. ఎక్కాల్సిన దానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు పోయారు. మా పడవలో జాకెట్లు ఉన్నాయి. బకిల్ విరిగిన చోట పురికొస కట్టారు. పిల్లవాడి జాకెట్టు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే, ఆ పెద్దావిడ తన చీర కొంగుతో దాన్ని నడుముకు బిగించింది.

కోటు మళ్ళీ తొడుక్కుంటున్నాను, వాదన పూర్తి చేయాలి కదా. యాజమాన్యం ఏదీ దాచలేదని కోర్టువారు గమనించాలి. ప్రమాదాలకు బాధ్యత తమది కాదని ద్వారం దగ్గర రాసింది, ఇచ్చిన టికెట్టు వాపసు తీసుకోబడదని కౌంటరు మీద రాసింది, వస్తువులు పోతే తమను అడగవద్దని సొరంగం ముందు రాసింది. ఆ మూడు బోర్డులకూ చుట్టూ దీపాలు, ఒక్క బల్బు మాడలేదు. ఏరు దాటే దాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మన పెద్దలు పడవవాడిని మరిచిపోయే ప్రయాణికుడి గురించి అన్నారు. ఈ పార్కుల్లో ఆ లెక్క తిరగబడింది. టికెట్టు కొనే దాకా మనం ఓడ మల్లయ్యలం, చేతికి కాగితపు పట్టీ చుట్టిన క్షణం నుంచి బోడి మల్లయ్యలం. సేవాలోపం జరిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కేసు వేయవచ్చని, బోర్డు పెట్టినంత మాత్రాన బాధ్యత తీరదని ఎవరో వకీలు చెప్పగా విన్నాను. అతను అవతలి పక్షం వకీలు, నేను వినిపించుకోకూడదు. ఫిర్యాదుల పుస్తకం ఉందా అని అడిగితే ఉందనే చెప్పారు, చూపించారు కూడా. పక్కనే దారంతో కట్టిన పెన్ను. రీఫిల్ లేదు.

చివరికి పంపు చల్లారింది, మేం జారాం, తడిశాం, గట్టెక్కాం. బయటికి వచ్చే దారి ఫొటోల కౌంటరు గుండా పోతుంది, వేరే దారి లేదు. జారే చోట స్తంభానికి ఒక కెమెరా బిగించారట. పడవ కదలగానే దానంతట అదే ఫొటో తీస్తుంది. కుర్రాడు గెడతో మమ్మల్ని కుదిపినప్పుడల్లా అది తన పని తాను చేసుకుంటూ పోయింది. పెద్ద తెర మీద మా బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఒకదానిలో పెద్దావిడ కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం చదువుతోంది. మరొకదానిలో పెళ్ళికొడుకు సిగ్నల్ కోసం ఫోను నెత్తి మీద ఎత్తి పట్టుకున్నాడు, పెళ్ళికూతురు అతని వైపు చూస్తోంది, ఆ చూపును నేను వర్ణించను. ఒకటి రెండు వందలు, రెండు తీసుకుంటే మూడు వందల యాభై, పన్ను అదనం. అందరూ కొన్నారు, నేనూ కొన్నాను. కార్డు యంత్రం మొదటిసారికే పనిచేసింది.