ఊరు నిజమే, మరి మహిమ?

ఇంద్రకీలాద్రి బెజవాడలో ఉంది. కిందే కృష్ణ పారుతోంది. మరి కొండ కళ్లెదుట ఉంది కాబట్టి శివుడు కిరాతుడి వేషంలో వచ్చి అర్జునుడికి పాశుపతం ఇచ్చాడన్నది రుజువైపోయినట్టేనా? ఇలా సూటిగా అడిగితే ఎవరైనా కాస్త తటపటాయిస్తారు. మన తెలుగు సంఘం పండగ భోజనాల దగ్గర మాత్రం ఇదే వాదన వేరే పేర్లతో ధీమాగా నడుస్తుంది. ద్వారక దగ్గర సముద్రంలో రాతి లంగర్లు దొరికాయి, కనుక కృష్ణ లీలలన్నీ నిజం. గుంటూరులో చర్చికి వెళ్లే నా మిత్రుడిదీ ఇదే దారి. 1961లో ఇశ్రాయేలులోని కైసరయలో, యేసుకు సిలువ శిక్ష వేసిన రోమన్ అధిపతి పిలాతు పేరున్న రాయి దొరికింది, 1993లో అదే దేశంలోని టెల్ దాన్‌లో దావీదు రాజు వంశం ప్రస్తావన ఉన్న శాసనం బయటపడింది, కనుక బైబిలు అక్షరాలా నిజం అంటాడు.

ఆ రాళ్లను తీసిపారేయలేం. సువార్తలు రాసినవాళ్లకు ఆ దేశం, ఆ పాలకులు తెలుసని పిలాతు రాయి చూపిస్తుంది. కానీ పిలాతు ఉన్నాడనడం ఒకటి, అతను సిలువ వేయించిన మనిషి మూడో రోజున లేచాడనడం ఇంకొకటి. రెండోదాని గురించి రాయికేం తెలుసు?

రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సంగతి చూడండి. క్రీస్తుకు పిలాతు మరణశిక్ష వేశాడని రాసిన క్రైస్తవేతరుడు కాబట్టి ఆయన మాటంటే మా మిత్రుడికి చాలా గురి. అదే టాసిటస్, రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ అలెగ్జాండ్రియాలో తన ఉమ్మితో ఒక గుడ్డివాడికి చూపు తెప్పించాడనీ, ఇంకొకడి చెయ్యి బాగు చేశాడనీ కూడా రాశాడు. చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతున్నారు, ఇక అబద్ధమాడితే వాళ్లకొచ్చే లాభం లేదు అని పైగా ఒక మాట చేర్చాడు. పిలాతు విషయంలో నమ్మదగిన మనిషి వెస్పాసియన్ విషయంలో ఎందుకు కాడు? అడిగితే ‘అది వేరులే’ అన్నాడు. ఎలా వేరో చెప్పలేదు.

ఇంతా చేసి, ఈ తేడా మన పల్నాడులో అందరికీ తెలిసిందే. 12వ శతాబ్దంలో కారంపూడి దగ్గర యుద్ధం జరిగిందంటే ఎవరూ కాదనరు. గురజాల ఉంది, మాచర్ల ఉంది, నాగులేరు ఉంది. వీరుల గుడి దగ్గర ఏటా ఉత్సవాలు చేస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. బ్రహ్మనాయుడు చివరికి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు, ఆ బిలమూ ఉంది. ఆయన్ని విష్ణు అంశగా కొలిచేవాళ్లున్నారు, ఆ కథను కోడిపందెంతో మొదలైన దాయాదుల పోరుగా మాత్రమే చూసేవాళ్లూ ఉన్నారు. నాగులేరు పారుతోంది కాబట్టి బ్రహ్మనాయుడు విష్ణువే అని ఎవరైనా వాదించగా నేను వినలేదు.

బెజవాడ సంగతి ఇంకా తమాషా. భారతంలో అర్జునుడు హిమవంతం, గంధమాదనం దాటి ఇంద్రకీలం చేరతాడు. భూగోళాన్నే సాక్షిగా పిలిస్తే మన కొండ కేసు ఓడిపోవాలి. దసరాకు క్యూలో గంటలు గంటలు నిలబడేవాళ్లకు ఆ టెన్షనే లేదు. వాళ్లు అమ్మవారి కోసం వచ్చారు, మ్యాపు కోసం కాదు.

రాళ్లను సాక్ష్యానికి పిలిచేవాళ్లకు మాత్రం చిక్కుంది. కలిసొచ్చిన రాయిని లెక్కలో వేసుకుంటే కలిసిరాని తేదీనీ వేసుకోవాలి. కురేనియ సిరియాకు రోమన్ అధిపతిగా ఉండగా జనసంఖ్య రాశారని, అప్పుడే యేసు పుట్టాడని లూకా సువార్త అంటుంది. ఆ లెక్క జరిగింది క్రీ.శ. 6లో. మత్తయి ప్రకారం యేసు పుట్టినప్పుడు యూదయ రాజు హేరోదు బతికే ఉన్నాడు. ఆయన క్రీ.పూ. 4లో పోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. దాదాపు పదేళ్ల తేడా. దీంతో పునరుత్థానం అబద్ధమని తేలదు, నాస్తిక మిత్రులు అంత సంబరపడక్కర్లేదు. అక్షరాలా తప్పు లేదన్న మాట మాత్రం నిలవదు. కాలేజీలో చేరాక మన పిల్లలు ఇదంతా ఎలాగూ చదువుతారు.

కాబట్టి సంఘంలో పిల్లలకు వారాంతపు తరగతులు నడిపేవాళ్లకు నా సూచన ఒక్కటే. ద్వారక లంగర్ల ఫొటోలు తప్పకుండా చూపించండి. అవి ఏ కాలానివో ఎలా తేలుస్తారు, పండితులు ఎక్కడ విభేదిస్తున్నారు అన్నదీ చెప్పండి. గోవర్ధనగిరి ఎత్తిన కథ ఇంకో రోజు చెప్పండి, ఏ ఫొటో లేకుండా.