జూలైలో పిల్లాడెక్కడున్నాడో రాయకుండా మార్చిలో టీచర్ని తూచకండి

పదో తరగతి ఫలితాలొచ్చిన వారానికే స్కూళ్లవారీగా పాస్ శాతాల పట్టిక తయారైపోతుంది. పైనున్నవాళ్లకు శాలువాలు, కిందున్నవాళ్లకు షోకాజ్ నోటీసులు. తొమ్మిది చివర్లో లెక్కల్లో 12 మార్కులున్న అమ్మాయి పదిలో 33కి వస్తే ఆ టీచరు ఖాతాలో ఒక ఫెయిలు. 60 ఉన్న అబ్బాయి 45కి జారితే ఒక పాసు. దీన్ని పట్టుకుని ఎవరు బాగా చెప్పారో ఎలా తేలుస్తారు?

క్లాసులో 18 మందే ఉంటే ఒక్కరు తప్పినా ఐదున్నర శాతం పోతుంది. పైగా 35 అనే గీత పెట్టగానే టీచరు సమయమంతా 25కీ 34కీ మధ్య ఉన్నవాళ్ల మీదికే పోతుంది. 8 మార్కుల పిల్లాడినీ 80 మార్కుల పిల్లనూ పట్టించుకునే తీరిక ఉండదు.

ప్రగతిని కొలవొద్దని నేననను, సరిగ్గా కొలవమంటున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో, పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చే ప్రయోగం మొదలైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని అధ్యయనం చేశారు. పిల్లల సగటు పెరుగుదల 5 శాతం దాటాక, ఆపై ప్రతి శాతానికీ 500 రూపాయల బోనస్. ఆ 5 శాతం ఎందుకు వదిలేశారంటే, వేసవి సెలవుల్లో పిల్లలు చదివింది మర్చిపోతారు. జూన్, జూలైల్లో పెట్టే పరీక్షలో మార్కులు ఉండాల్సినదానికన్నా తక్కువొస్తాయి. ఆ కాస్త పెరుగుదల ఎవరు చెప్పినా వచ్చేదే. పాస్ గీత పెట్టకుండా సగటు తీసుకున్నారు, కాబట్టి వెనకబడ్డ పిల్లాడు ముందుకొచ్చినా లెక్కలోకొచ్చాడు. రెండేళ్లకు ఆ స్కూళ్లు మిగతావాటికన్నా లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) ముందున్నాయి. టీచర్ల హాజరేమీ పెరగలేదు. వచ్చిన రోజున ఎక్స్‌ట్రా క్లాసులు, హోంవర్కు, ప్రాక్టీసు పరీక్షలు పెరిగాయి. నోటీసులిచ్చే అధికారులు ముఖ్యంగా చదవాల్సింది ఈ ముక్కే.

ఆ పరీక్షలు బయటివాళ్లు పెట్టారు. మన దగ్గర బేస్‌లైన్ (ఏడాది మొదట్లో పిల్లాడి స్థాయి చూసే పరీక్ష) పెట్టేదీ, దిద్దేదీ, ఆన్‌లైన్‌లో ఎక్కించేదీ ఆ టీచరే. ఆ అంకెలతోనే ఆయన్ని తూస్తామంటే జూలైలో మార్కులు బిగుస్తాయి, మార్చిలో వదులవుతాయి. ఇందులో టీచరు నిజాయితీని అనుమానించడానికేం లేదు, ఏర్పాటే అలా ఉంది. కనీసం పక్క స్కూల్ కాంప్లెక్సు (దగ్గర్లోని స్కూళ్ల గుంపు) టీచర్లతో పెట్టించి దిద్దించండి.

ప్రశ్నపత్రంలో ఇంకో చిక్కుంది. ఎనిమిదో తరగతిలో అప్పు తీసుకునే తీసివేత రాని పిల్లాడికి ఏడాదిలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం వచ్చిందనుకోండి. అది పెద్ద మెట్టు. కానీ ఎనిమిదో తరగతి పేపరు చేతికిస్తే జూలైలో 6, మార్చిలో 9 వస్తాయి, అంతే. చదవడంలో అక్షరం, పదం, పేరా, కథ అన్నట్టే లెక్కల్లోనూ కింది మెట్టు దాకా దిగే పరీక్ష ఉంటేనే ఆ పని కనిపిస్తుంది. పై కొసనా ఇంతే: 95 వచ్చిన పిల్లను ఇంకెక్కడికి పెంచుతారు?

బదిలీలు, డిప్యుటేషన్లు, ఎన్నికల డ్యూటీలు, ఖాళీ పోస్టులు కూడా ఉన్నాయి. నవంబరులో చేరిన టీచరుకు జూలై నుంచి లెక్క కట్టకూడదు. చిన్న క్లాసైతే ఒక్క ఏడాది అంకెను నమ్మొద్దు, మూడేళ్లవి కలిపి చూడండి. అప్పుడు కూడా ఆ అంకె ఏ క్లాసులో ముందు కూర్చుని చూడాలో చెప్పడానికే పనికొస్తుంది, ఇంక్రిమెంటు ఆపడానికి చాలదు. మార్కుల్లో పిల్లాడికీ పిల్లాడికీ ఉండే తేడాల్లో టీచరు వాటా 1 నుంచి 14 శాతం దాకానే అని చాలా అధ్యయనాల్లో తేలినట్టు అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2014లోనే చెప్పింది. పిల్లల మార్కుల పెరుగుదలను బట్టి కట్టిన తమ స్కోరు ఎలా వచ్చిందో సరిచూసుకునే వీల్లేదని అమెరికాలోని హ్యూస్టన్ టీచర్లు కోర్టుకెక్కారు. ఆ వాదన విచారణకు నిలుస్తుందని 2017లో ఫెడరల్ న్యాయమూర్తి తేల్చారు.

కాబట్టి పిల్లల ప్రగతి రాసే షీటు మొదట టీచరు చేతికే రావాలి: పిల్లాడి పేరు, జూలై స్థాయి, మార్చి స్థాయి, బడికొచ్చిన రోజులు, పరీక్ష పెట్టిందెవరు. తప్పుంటే రాసివ్వడానికి 15 రోజుల గడువు కావాలి. జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకు ఆ తర్వాతే వెళ్లాలి.