మా అరుగును తీసేసి మంచు కొండలు పెట్టారు

గత వేసవిలో మా అమ్మమ్మకు ఎనభై ఏళ్లు నిండిన సందర్భంగా, గుంటూరు బ్రాడీపేటలోని మా పాత ఇంటి అరుగు మీద కుటుంబమంతా కలిసి ఫొటో తీయించుకున్నాం. ఆ స్థలాన్ని బిల్డరుకు ఇవ్వడానికి అప్పటికే మాటలు పూర్తయ్యాయి కాబట్టి, మనుషులతో పాటు ఇల్లు కూడా ఫొటోలో మిగలాలన్నదే మా ఉద్దేశం. పది రోజుల తర్వాత స్టూడియో నుంచి ఫ్రేము కట్టి వచ్చిన ఫొటోలో మేం పద్నాలుగు మందిమీ ఉన్నాం, ఇల్లు లేదు. మంగళగిరి చీర కట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ వెనుక మంచు కొండలు, వాటి పక్కన జలపాతం, కింద పచ్చిక వెలిశాయి. మే నెల గుంటూరు ఎండకు పట్టిన చెమట మాత్రం అందరి ముఖాల మీదా అలాగే మెరుస్తోంది. అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఇదేం ఊర్రా అబ్బాయ్, నేనెప్పుడెళ్లాను?" అని అడిగింది.

స్టూడియో యజమానిని అడిగితే, గోడ పెచ్చులూడి ఉందని, బాగుండదని మార్చామని, దానికి అదనంగా డబ్బులు కూడా తీసుకోలేదని ఎంతో మర్యాదగా చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. మాకు మేలు చేశాననే నిజంగా అనుకుంటున్నారు. నన్ను బాధపెట్టింది కూడా అదే.

ఫొటో వెనుక లేని చోటును పెట్టడం కొత్త విద్యేమీ కాదని నాకూ తెలుసు. వెనకటి స్టూడియోల్లో రాజమహలో పూలతోటో గీసిన తెర ముందు నిలబడి ఫొటో దిగని కుటుంబం మన జిల్లాల్లో అరుదు. అయితే ఆ తెర మోసం చేయలేదు. దిగేవాళ్లు దాని ముందు నిలబడే దిగారు, వాళ్ల మీద పడిన లైటే తెర మీదా పడింది, వాళ్ల నీడ దాని మడతల్లో కనిపించేది. ఇప్పుడు మనుషులను ఒక చోట తీసి, వాళ్లకు చెప్పకుండానే ఇంకో చోట దించుతున్నారు.

పోనీ ఆ పనైనా శుభ్రంగా చేశారా అంటే అదీ లేదు. మా ముఖాలకు వెలుగు కుడి పక్క నుంచి పడితే, కొండలకు ఎడమ పక్క నుంచి పడుతోంది. ఒకే ఫొటోలో ఇద్దరు సూర్యులన్నమాట. కుర్చీ కాళ్ల కింద నీడ లేకపోవడంతో అమ్మమ్మ పచ్చిక మీద తేలుతున్నట్టు ఉంది. జుట్టు అంచున ఉండే ఒక్కో పిక్సెల్‌లో కొంత వెంట్రుక రంగు, కొంత వెనుక గోడ రంగు కలిసిపోయి ఉంటాయి కాబట్టి, ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా ముందుగా తడబడేది అక్కడే. అమ్మమ్మ తెల్లజుట్టు చుట్టూ మా గోడకు వేసిన నీలి సున్నం సన్నని గీతలా మిగిలింది. ఇంకా దగ్గరగా చూస్తే ఆమె మణికట్టుకూ గాజులకూ మధ్య ఉన్న సందులో కంప్యూటరు కంటపడని బియ్యపు గింజంత గోడ, పెచ్చు లేచిన అంచుతో సహా, అలాగే ఉంది. నాకు ఆ ఫొటోలో నచ్చిన భాగం అదొక్కటే.

పాస్‌పోర్టు ఫొటోకు వెనుక తెల్లగా ఉండాలని నియమం ఉంది, ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముకునేవాళ్లకు వెనుక వంటగది కనిపించకూడదు. అటువంటి అవసరాలకు ఏం మార్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఇంటి ఫొటోకు మాత్రం ముందు అడగాలి, అసలు ఫైలును దాచాలి. ఫొటోలు మార్చడానికి 1990లో వచ్చిన ఫొటోషాప్ సాఫ్ట్‌వేరులో 1994 నాటికే లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచి విడివిడిగా మార్చుకోగల పొరలు, వచ్చాయి. మనుషుల లేయరుకు మాస్కు, అంటే వద్దనుకున్న భాగాన్ని దాచే ముసుగు, వేస్తే వెనుక గోడ కనపడకుండా పోతుందే తప్ప చెరిగిపోదు. మాస్కు తీస్తే అరుగు, తలుపులు, తులసికోట ఎక్కడివక్కడ తిరిగి వస్తాయి. కానీ అన్నీ కలిపేసి జేపెగ్‌గా సేవ్ చేసి, లేయర్లున్న ఫైలును తీసేసి, కెమెరా కార్డును తర్వాతి పెళ్లి కోసం ఫార్మాట్ చేశాక తిరిగి రావడానికి ఏమీ మిగలదు. మా విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. "ఒరిజినల్ ఎవరూ అడగరండీ" అన్నారు ఆ స్టూడియో యజమాని. ఇల్లు కార్తీకంలో పడగొట్టారు.

మొన్న మా తమ్ముడి కూతురి అన్నప్రాశనకు ఇంకో స్టూడియోలో అడ్వాన్సు ఇస్తూ, బ్యాక్‌గ్రౌండ్ మార్చకూడదని, ఒరిజినల్ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలని బిల్లు మీద రాయించాను. కౌంటరు దగ్గరి కుర్రాడు శ్రద్ధగా రాసుకుని, పెన్ను మూత పెట్టబోతూ ఆగి, "ఆకాశం కూడా మార్చొద్దాండీ?" అని అడిగాడు.