తప్పులను క్షేమంగా తరలించుట

నడుస్తున్న ప్రోగ్రామును ముట్టుకోరాదన్నది మన వృత్తిలో వేదవాక్కు. 2008 డిసెంబరులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు మూడవ వెర్షన్‌ను, అంటే పైథాన్ 3ను విడుదల చేసినవారు, పాత కోడ్ అందులో యథాతథంగా నడవదని ముందే ఒప్పుకున్నారు. అంతటి నిజాయితీని చూసి ఎవరికైనా అనుమానం కలుగుతుంది కనుక మనమందరం విజ్ఞతతో పాత వెర్షన్‌లోనే, అంటే పైథాన్ 2.7లోనే ఉండిపోయాము. దాని ఆయుష్షు 2015తో తీరుతుందన్నారు, మనం కదలలేదు. 2014లో ఆ గడువును 2020కి పొడిగించారు. కదలకపోవడమే సరైన నిర్ణయమని ఆ విధంగా రుజువైంది. 2.8 అనే వెర్షన్ ఎన్నటికీ రాదని చెప్పడానికే ఒక పత్రం రాసి, దానికి 404 అని సంఖ్య వేశారు. వెతికిన పేజీ లేనప్పుడు కనిపించే సంఖ్య అది. ఆశ పెట్టుకున్నవారితో ఇలాగేనా పరిహాసమాడేది?

కొత్త వెర్షన్‌కు తరలింపు అనగానే అందరూ, తెరపై రాయించే ప్రింట్ అనే ఆదేశం పక్కన పెట్టవలసిన బ్రాకెట్ల గురించే వాపోయారు. నిజానికి ఆ పనిని టూ టు త్రీ అనే పరికరం రెప్పపాటులో చేసిపెట్టేది (మనం తీరికగా ఆలోచిస్తుండగానే 3.13 వెర్షన్‌లో దానినీ తొలగించారు). పైగా బ్రాకెట్ మరచిపోతే ప్రోగ్రామ్ మొదలే కాదు, ఏ వరుసలో తప్పుందో అరచి మరీ చెబుతుంది. అలా అరిచే తప్పులతో మనకు పేచీ లేదు.

పేచీ అంతా భాగహారంతోనే. ఏడును రెండుతో భాగిస్తే పాత వెర్షన్ 3 అనేది, కొత్తది 3.5 అంటుంది. లెక్కల పుస్తకం కొత్తదాని పక్షానే ఉన్నదని నాకు తెలుసు. కానీ ఏళ్ల తరబడి సగటులన్నీ అరలు కోల్పోయి నివేదికలకెక్కి, వాటిపై నిర్ణయాలు జరిగి, వాటికి ప్రశంసలు కూడా అందిన తరువాత ఆ అర తిరిగివచ్చి తలుపు తడితే ఏ ముఖంతో తీయగలం? అందుచేత భాగహారపు గీత పక్కన మరొక గీత గీసి, దానిని మళ్లీ బయటికి పంపాము. నిన్నటివరకు తెలియక చేసిన తప్పును ఇకపై తెలిసి, రెండు గీతల సంతకంతో చేస్తామన్నమాట. 2.5ను దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించమంటే పాతది 3 చేసేది. కొత్తది దగ్గరి సరిసంఖ్యను వెతుక్కుని 2 అంటుంది, 3.5ను మాత్రం 4 చేస్తుంది. దానికీ తగిన ఏర్పాటు చేశాము.

అక్షరాల సంగతి మరీ విచిత్రం. అక్షరాలను బైట్లుగా మార్చి దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచిన ‘తెలుగు’ అనే మాట పొడవెంతని అడిగితే పాత వెర్షన్ బైట్లు లెక్కపెట్టి 18 అనేది. కొత్తది గుణింతపు గుర్తులను విడివిడిగా లెక్కించి 6 అంటుంది. ఒకటో తరగతి పిల్లవాడు మూడు అంటాడు గానీ, వాడిని సమావేశానికి పిలవలేదు. మా పట్టికలో ఆ గడి వెడల్పు 18కి సరిపడా ఉంది కాబట్టి 18నే ఖాయం చేశాము.

రెండు వెర్షన్లలోనూ నడిచే కోడ్ రాయదలచినవారి కోసం సిక్స్ అనే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్ సంపుటి) ఉంది. రెండు మూళ్ళు ఆరు కనుక ఆ పేరు. దాని సాయంతో కొన్నేళ్లు గోడ మీదే హాయిగా గడిపాము. దిగక తప్పనప్పుడు పాత, కొత్త ప్రోగ్రాములను పక్కపక్కన నడిపి, ఫలితాలు ఎక్కడ వేరైతే అక్కడ కొత్తదానినే దోషిగా నిర్ణయించి సరిదిద్దాము. పాతదానిని విచారించే అధికారం ఎవరికీ లేదు. దానిని రాసినవారు ఉద్యోగం మానేసి చాలాకాలమైంది.

పని ముగిశాక, ఇన్ని నెలల శ్రమకు ఏమి మారిందని పైఅధికారి అడిగారు. ఒక్క అంకె కూడా మారలేదని సవినయంగా మనవి చేసుకున్నాము. ఆయన ఎంతో సంతోషించారు.