గుండె ఆగడం కారణమా?
దేశంలో ఎక్కువమంది గుండె జబ్బులతోనే పోతున్నారని ఒక వ్యాసంలో రాశారు. కావచ్చు, కాదనను. కానీ ఆ లెక్క మొదలయ్యే కాగితాన్ని, అంటే మనిషి ఎందుకు పోయారో ఆస్పత్రి డాక్టరు రాసిచ్చే ఫారం 4ని, ఒకసారి చూస్తే అంత ధీమాగా చెప్పబుద్ధి కాదు. రెండేళ్ల కిందట మా మామగారు ఇక్కడే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పోయారు. ఇరవై ఏళ్ల షుగరు, దాంతో కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్, చివరికి ఇన్‌ఫెక్షన్. వాళ్లు రాసిన కారణం మాత్రం 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్'. అంటే గుండె, ఊపిరి ఆగాయని. అవి ఆగకుండా ఎవరు పోతారండీ? ఫారం 4లో ఒకదాని కింద ఒకటి గళ్లు పెట్టింది అందుకే: చివరికి ప్రాణం తీసింది ఏది, దానికి దారితీసింది ఏది, అన్నిటికీ అడుగున ఉన్న మూల జబ్బు ఏది. లెక్కలోకి రావాల్సింది ఆ మూల జబ్బే. మా మామగారి కాగితంలో ఆ గళ్లు ఖాళీ. మేమూ పట్టించుకోలేదు లెండి, డెత్ సర్టిఫికెట్ వస్తే బ్యాంకు పని అవుతుందన్న ధ్యాసే. పైగా ఆ సర్టిఫికెట్‌లో కారణం అసలు వేయరు, చట్టమే వేయొద్దంటుంది. ఇది ఆస్పత్రిలో పోయినవాళ్ల సంగతి. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావాటి సంగతి తెలియడానికి నమూనాగా ఎంచుకున్న చోట్ల జనన మరణాలు లెక్కించే ప్రభుత్వ శాంపిల్ సర్వే వాళ్లు కొన్ని ఇళ్లకు వెళ్లి, పోయే ముందు జ్వరమా, ఆయాసమా, ఛాతీనొప్పా అని ఇంట్లోవాళ్లని అడుగుతారు. ఆ జవాబులు చదివి డాక్టర్లు కారణం తేలుస్తారు. నాకైతే అదే కొంత నయమనిపిస్తోంది, కనీసం అడుగుతున్నారు.