సైకిల్ మీద కృష్ణా జలాల పంపిణీ

నా సైకిల్ పూర్తి స్థాయి నిల్వ సామర్థ్యం 4 లీటర్లు. తేలిగ్గా తీసిపారేయకండి. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన 811 టీఎంసీలు కాగితం మీద ఉంటాయి, నా 4 లీటర్లు సైకిల్ మీద ఉంటాయి. హైదరాబాద్ నుంచి నాగార్జున సాగర్ దాకా తొక్కడానికి తెల్లారి నాలుగున్నరకు లేచి ఫిల్టర్ కింద ఒక్కో బాటిలూ పడుతుంటే మా ఆవిడ నిద్రలోంచే "ఇవాళ నల్లా రాదా ఏంటి?" అని అడిగింది. లాంగ్ రైడ్ అంటే ఏంటో ఆవిడకు పదేళ్లుగా చెప్తూనే ఉన్నాను.

అసలు అన్యాయం ఫ్రేము దగ్గరే మొదలవుతుంది. సైకిల్ తయారు చేసేవాడు మామూలుగా రెండు బాటిళ్లకే మరలు బిగించి ఇస్తాడు. వాడు ఉండే ఊళ్లో ఎండాకాలం అంటే స్వెట్టర్ తీసేయడం కావచ్చు, మే నెలలో ఇబ్రహీంపట్నం దాటితే ఏమవుతుందో వాడికేం తెలుసు? అందుకని ఆ రెండు ముప్పావు లీటరు బాటిళ్లనీ నేను నికర జలాలుగా, అంటే నమ్మకంగా దొరికే వాటాగా ప్రకటించి, మిగతా ప్రాజెక్టులు సొంత ఖర్చుతో కట్టుకున్నాను. సీటు వెనక క్లాంపు బిగించి దానికి మరో రెండు ముప్పావు లీటరు బాటిళ్లు. హ్యాండిల్‌కు సంచీ కట్టి అందులో ఒక అర లీటరు. జెర్సీ వెనక జేబులో ఇంకో అర లీటరు, ఇది నడుముకు తగులుతూ మనం ఏ వయసులో ఏం చేస్తున్నామో ప్రతి గుంతకూ గుర్తు చేస్తుంది.

సీటు వెనకవి మిగులు జలాలు. అంటే ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. యాచారం దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎడమ బాటిల్‌కు గండి పడింది, బాటిల్ గాల్లోకి లేచి రోడ్డు మధ్యలో పడింది, వెనక వస్తున్న ఇసుక లారీ దాన్ని దయతో తప్పించింది. నేను దిగి, రెండు వైపులా చూసి, దాన్ని తెచ్చుకుని, దుమ్ము తుడిచి మళ్లీ పెట్టాను. ముప్పావు లీటరు కోసం ప్రాణం పణంగా పెట్టావా అని అడిగేవాళ్లకు నీటి విలువ తెలియదు. ఆ నీళ్లు తాగానా అంటే, లేదు, ఎండకు వేడెక్కిపోయి ప్లాస్టిక్ వాసన కొడుతున్నాయి, టీ పొడి వేస్తే సరిపోయేది. జలాశయం అడుగున తూములకు అందకుండా మిగిలిపోయే నీళ్లను మన ఇంజనీర్లు డెడ్ స్టోరేజీ అంటారు. నా దగ్గర నాలుగింట మూడు వంతులు అదే.

బరువు సంగతి ఎత్తకండి. లీటరు నీళ్లు కిలో అని నాకూ తెలుసు. ప్రొఫెషనల్ రేసుల్లో సైకిల్ 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదని నిబంధన, నేను మోసే నీళ్లే అందులో సగం దాటాయి. పోయిన ఏడాది కార్బన్ సీటు పోస్టు కొన్నాను, 120 గ్రాములు తగ్గించుకోవడానికి. ధర చెప్పను, మా ఆవిడ కూడా చదువుతుంది ఇది. ఆ 120 గ్రాములు తగ్గాయి కదా, ఆ ధైర్యంతోనే 4 కిలోలు ఎక్కించాను.

ఇక అంతర్రాష్ట్ర వివాదం. మా గుంపులో ఒకడున్నాడు, ఈకలాంటి సైకిలు, దాని మీద ఒకే ఒక్క అర లీటరు బాటిల్. "లైట్‌గా వెళ్లాలి అన్నా" అంటాడు. ముప్పై కిలోమీటర్లు దాటగానే నా పక్కకు చేరతాడు. దిగువ రాష్ట్రం మిగులు జలాలు వాడుకోవచ్చు కానీ వాటి మీద హక్కు పుట్టదని బచావత్ స్పష్టంగా చెప్పాడు. ఆ మాటే వాడికి చెప్పాను. వాడు మూత తీస్తూ విన్నాడు.

మాల్ అనే ఊరి దగ్గర టీ కోసం ఆగాం. హోటల్ ఆమె నా సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "గిన్ని నీళ్లు ఏం జేస్తవు సారూ, పొలానికి పెడ్తవా?" అంది. దూర ప్రయాణంలో నీటి భద్రత గురించి, ఎండలో గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా చెమటగా పోవడం గురించి, ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడే ప్రమాదం గురించి నేను వివరంగా చెప్తుంటే ఆమె సగంలోనే లోపలికి పోయి కుండలోంచి చెంబుడు నీళ్లు తెచ్చి ఇచ్చింది. చల్లగా ఉన్నాయి. తాగాను. తర్వాత ఉప్పేసిన మజ్జిగ కూడా తాగాను. ఇది నా సిద్ధాంతానికి వ్యతిరేకం కాదు, దీన్ని అత్యవసర నీటి విడుదల అంటారు.

లెక్క వేసుకుంటే ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్ నుంచి సాగర్ దాదాపు 150 కిలోమీటర్లు, నా వేగానికి ఎనిమిది గంటలు, అంటే కనీసం ఆరు లీటర్లు కావాలి. నాలుగు మోసినా ఎక్కడో ఆగి పట్టుకోవాల్సిందే. ఎలాగూ ఆగేదానికి ఇన్ని మోయడం ఎందుకని కొందరు అడుగుతారు. ఇలాంటివాళ్ల వల్లే ఈ దేశంలో ప్రాజెక్టులు పూర్తి కావు.

కొండమల్లేపల్లి దగ్గర ఒక పాలాయన నన్ను దాటి వెళ్లాడు. నల్ల సైకిలు, క్యారియర్‌కు రెండు వైపులా రెండు పెద్ద క్యాన్లు, వాటిని పట్టుకుని ఉన్నది పాత ట్యూబు ముక్క ఒక్కటే. క్లాంపు లేదు, కార్బన్ లేదు, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఎండాకాలంలో ఇదే ట్యూబు ముక్కతో నాలుగైదు బిందెలు కట్టుకుని బోరు దగ్గర్నుంచి ఇంటికి తోసుకుపోయేవాళ్లను నా చిన్నప్పుడు ఎంతమందిని చూశానో. వాళ్లెవరూ దాన్ని హైడ్రేషన్ అనలేదు. నేను ఆయన్ని అందుకోవాలని చూశాను, నికర జలాలు ఊగిసలాడాయి, వదిలేశాను.

సాగర్ చేరేసరికి మధ్యాహ్నం రెండు. కొత్త వంతెన మీద నిలబడి డ్యామ్ వైపు చూస్తుంటే అప్పుడు తట్టింది. మా ఇంటి నల్లాలో వచ్చేది ఈ నీళ్లే. పుట్టంగండి దగ్గర తోడి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వందకు పైగా కిలోమీటర్లు పైపుల్లో నెట్టి, ఈ డ్యామ్ పూర్తి మట్టం 590 అడుగులైతే అంతకు వెయ్యి అడుగులకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌కు ఎక్కిస్తారు. అక్కడ నేను ఫిల్టర్‌లో పట్టి, నాలుగు లీటర్లు, తొడలు పట్టేసేలా తొక్కి మళ్లీ ఇక్కడికే తెచ్చాను. ఎత్తిపోతల పథకానికి దింపిపోతల పథకం అన్నమాట, కరెంటు ఖర్చు లేకుండా.

ఒడ్డుకు దిగి మిగిలిన బాటిళ్ల మూతలన్నీ తీసి డెడ్ స్టోరేజీ మొత్తం కృష్ణలో పోసేశాను. ఎవరి వాటా వాళ్లకు చేరింది.

వెనక నుంచి మా దిగువ రాష్ట్రం వచ్చి ఖాళీ బాటిల్ ఊపుతూ అడిగాడు, "అన్నా, నీళ్లేమైనా ఉన్నాయా?"